గేర్‌బాక్సుకు చేయని ప్రార్థన

అక్క పెళ్లిరోజు వచ్చినప్పుడల్లా మా బంధువుల వాట్సాప్ గ్రూపులో నేను ఒకే ప్రశ్న అడుగుతాను. ‘ముందు గేర్‌బాక్సు మార్చమని చెప్పింది ఎవరు?’ అందరూ చూస్తారు, నీలి టిక్కులు పడతాయి, వెంటనే ఎవరో ఒకరు గులాబీ పువ్వు బొమ్మ పెడతారు. అంతే, నా ప్రశ్న పువ్వుల కింద పడిపోతుంది. గ్రూపులో సాగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒకరి మాట చెల్లాలంటే నెత్తిన నెరిసిన వెంట్రుకలుండాలి, లేదా చేతిలో కారు తాళాలుండాలి. నాకు రెండూ లేవు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతున్నానన్న ధీమా మాత్రం ఉండేది. తాళాలు చిన్నబాపువి. ఆయన మా నాన్న తమ్ముడు, కేసముద్రం మార్కెట్లో పత్తి వ్యాపారి. ఒకప్పుడు పందేల్లో పరుగెత్తిందని చెబితే నమ్మి, హైదరాబాదు నుంచి పాత జపాన్ కారొకటి తెచ్చాడు. అది ఎంత కిందికి ఉండేదంటే, హనుమకొండలో ఏ స్పీడ్ బ్రేకరూ దాని పొట్ట గీరకుండా వదిలేది కాదు. అక్క పెళ్లి కుదరగానే, పెళ్లికూతురు ఆ కారులోనే చర్చికి వెళ్లాలనీ, అప్పటికి దానికి జపాన్ నుంచి వచ్చిన పెద్ద టర్బో ఇంజిన్ వేయించాలనీ చిన్నబాపు తీర్మానించాడు. ఆదివారం ఆరాధన ముగిస్తే చాలు, ఇద్దరం మెకానిక్ ఉస్తాద్ షెడ్డులో కూర్చుని పథకాలు వేసేవాళ్లం. (వేసేది ఆయన, కాదనేది నేను.)

“ఇంజిన్ బలం పెరిగితే ఈ పాత గేర్‌బాక్సు ఆ జోరుకు ఆగది చిన్నబాపూ. ముందుగాల గట్టి గేర్‌బాక్సు, పెద్ద క్లచ్ ఏపిద్దాం. ఇంజిన్ ఎనుక చూద్దాం.”

“బానెట్ లేపితే కనపడేది ఇంజినా, గేర్‌బాక్సా? కనపడనిదానికి ఎవడన్న ఖర్చు వెడ్తడార?”

“మాలిక్ మాట కరెక్టే,” అన్నాడు ఉస్తాద్. నేను ఉరిమి చూస్తే, “తమ్ముడు చెప్పేది గూడ కరెక్టే,” అన్నాడు. ఆయన షెడ్డులో ఎవరి మాటా తప్పయ్యేది కాదు.

ఇంజిన్ వచ్చింది, బిగించారు. మా ఇళ్లలో కొత్తది ఏది కొన్నా పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేయాల్సిందే. ఆయన బానెట్ మీద చేయి పెట్టి, ఇంజినునూ, నడిపేవాణ్నీ, ఎక్కేవాళ్లనూ, ఎదురొచ్చేవాళ్లనూ కాపాడమని చాలాసేపు వేడుకున్నాడు. నేను ఉండబట్టలేక, “అయ్యగారూ, గేర్‌బాక్సుకు గూడ జర...” అన్నాను. చిన్నబాపు నా తొడ గిల్లి, “కండ్లు మూసుకోర!” అన్నాడు. ఆమెన్ అనేశారు. గేర్‌బాక్సు మిగిలిపోయింది.

పెళ్లినాడు నేను కొత్త సూటులో ముందు సీట్లో, అక్క తెల్లచీరలో, ముసుగు వేసుకుని వెనక సీట్లో. కాజీపేట బ్రిడ్జి దిగగానే ముందు వెళ్తున్న బస్సును చూసి చిన్నబాపుకు పౌరుషం వచ్చింది. తొక్కాడు. కారు ఒక్క దూకు దూకింది. కింద స్టీలు బిందెలో మేకులు కుమ్మరించినట్టు చప్పుడు. బస్సు వెళ్లిపోయింది, మేం ఆగిపోయాం. ఇంజిన్ మాత్రం సింహంలా గర్జిస్తూనే ఉంది. (దాని ప్రార్థన అందినట్టుంది.) ముందుకు వెళ్లే గేరు ఒక్కటీ పడలేదు. రివర్సు పడింది.

“ఆటో పిలువు తమ్మీ, లేటైతాంది,” అంది అక్క ముసుగులోంచి.

“నా బిడ్డ ఆటోల దిగుడా? నువ్వు ఫికర్ జెయ్యకు,” అన్నాడు చిన్నబాపు. “దిగి తొయ్యిర నువ్వు!”

తోశాను. కారు వెనక భాగం చర్చి వైపు తిరిగేదాకా, సూటు చంక చిరిగేదాకా తోశాను. అలా రివర్సులోనే గేటు దాకా వచ్చాం. బ్యాండువాళ్లకు కారు ముందేదో వెనకేదో అర్థం కాలేదు. సగం మంది పూలదండలున్న బానెట్ ముందు నిలబడి వాయించారు, మిగిలినవాళ్లు డిక్కీకి అడ్డంపడకుండా పరుగెత్తుతూ వాయించారు. పెళ్లికొడుకు తల్లి కంగారుగా, “ఇదేంది అన్నా, బండి ఉల్టా వస్తాంది?” అంది.

చిన్నబాపు చెమట తుడుచుకుని, రెప్ప వేయకుండా చెప్పాడు. “మా తాన గదే రివాజు వదినా. ఆడిబిడ్డ పుట్టింటి దిక్కు మొకం వెట్టి అత్తింటికి పోవాలె.”

ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. అది చూసి మా అమ్మ కూడా ఏడ్చింది, ఇంట్లో అలాంటి రివాజు లేదని తెలిసి కూడా. నా చిరిగిన సూటు వైపు ఎవరూ చూడలేదు.

చెప్పుకోలేని బాధ ఏమిటంటే, ఆ అబద్ధం నిజంగానే రివాజయింది. ఆ తర్వాత మా కుటుంబంలో ఏ పెళ్లయినా, లక్షణంగా ఉన్న కారు చర్చి గేటు దగ్గర వెనక్కి తిరగాల్సిందే. మొన్న అక్క కూతురి పెళ్లికీ అంతే. కర్ర పట్టుకుని నిలబడ్డ చిన్నబాపు కారు తాళాలు నా చేతిలో పెట్టి, “నువ్వే నడుపు. గేర్ల సంగతి నీకెర్కగదర,” అన్నాడు.

అది ఆటోమేటిక్ కారు. గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. నేను మారు మాట్లాడే లోపు బ్యాండు మొదలైంది. రివర్సు వేసి అద్దంలోకి చూస్తే నెరిసిన జుట్టువాడొకడు కనిపించాడు. ఇప్పుడు వీడికి వెంట్రుకలూ ఉన్నాయి, తాళాలూ ఉన్నాయి, చిరిగిన సూటు కోపమూ ఉంది. వాణ్ని చూసి నాకే నవ్వొచ్చింది.

నవ్వొచ్చింది కదా అని వదిలేస్తాననుకోకు చిన్నబాపూ. మొన్న ‘గేర్ల సంగతి నీకెర్కగదర’ అన్నావే, అది గేర్‌బాక్సు విషయంలో నా మాటే కరెక్టని ఒప్పుకున్నట్టా, కాదా? గ్రూపులో అందరి ముందూ రాయి. పువ్వు పెట్టొద్దు.