ఆదివారం తెరిచిన సర్వర్

మూర్తి గారికి నేను చేసిన అన్యాయం నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లుగా లోపలే మోస్తున్నాను. ఆయన మంచితనం గురించి ఎవరైనా మాట్లాడితే చాలు, అక్కణ్ణించి లేచి వెళ్ళిపోవాలనిపిస్తుంది. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియకపోవడమే మేలు.

తొంభైల చివర్లో గుడివాడలో ఒక ధర్మ కంటి ఆసుపత్రిలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. చిన్న గదిలో యూనిక్స్ సర్వర్, బయట కౌంటర్లలో దానికి కలిపిన టెర్మినళ్లు. రోగుల వివరాలు, ఆపరేషన్ తేదీలు అన్నీ దాన్లోనే. నేను కంప్యూటర్ కోర్సు చదివింది బోర్డు మీద గీసిన బొమ్మలతో. పెట్టె లోపల ఏముంటుందో ఎన్నడూ చూడలేదు. చూడాలని ఎంత కోరికగా ఉండేదో! మూత తీయకూడదని మేనేజరు గారి ఆర్డరు.

ఒక ఆదివారం ఎవరూ లేనప్పుడు మిషన్ ఆపి, మూత తీశాను. డిస్కుకీ, దాన్ని నడిపే కంట్రోలర్ కార్డుకీ మధ్య వెడల్పాటి పట్టీలాంటి కేబుల్. ఊడదీసి చూద్దామని, చివరనున్న ప్లగ్గు వదిలేసి ఆ పట్టీనే పట్టుకుని లాగాను. రాలేదు. గట్టిగా లాగితే ఊడొచ్చింది. మళ్ళీ పెట్టేసి, మూత బిగించి, ఇంటికెళ్ళిపోయాను.

సోమవారం నుంచి డిస్క్ చదవడం కుదరట్లేదని తెర మీద ఎర్రర్లు. మచిలీపట్నం నుంచి సర్వీస్ ఇంజనీరు మూర్తి గారు వచ్చారు. బ్యాగు కింద పెట్టి, ముందు నన్నే అడిగారు.

"ఏమ్మా, ఈ మధ్య దీన్ని ఎవరైనా తెరిచారా? కదిపారా?"

"లేదండీ."

"గుర్తు తెచ్చుకో. తిట్టడానికి కాదమ్మా. అది తెలిస్తే సగం పని అయిపోయినట్టే."

"ఎవరూ ముట్టుకోలేదండీ."

ఆయన నమ్మారు. ఎవరూ ముట్టుకోని మిషన్లో ముందు పోయేది డిస్కే కదా! కొత్తది తెచ్చి బిగించారు. టేపు మీదున్న బ్యాకప్ ఎక్కించారు. కొన్నాళ్లు నడిచి మళ్ళీ అదే గోల. ఆపరేషన్ తేదీలు తారుమారయ్యాయి. నాగాయలంక నుంచి బస్సులు మారి వచ్చిన ఒక మామ్మ గారికి, జాబితాలో మీ పేరు లేదని నేనే చెప్పాల్సొచ్చింది. "నాకంటే చూపు లేదు, మీ మిషన్‌కీ లేదా తల్లీ?" అని నవ్వి వెళ్ళిపోయింది. అప్పుడైనా చెప్పొచ్చుగా? ఉద్యోగం పోతుందని భయం. అదొక్కటేనా? కాదు, ఒకసారి లేదన్నాక అవునని చెప్పడానికి సిగ్గు, ఆ సిగ్గు ముందు ఆవిడ కళ్ళు కూడా నాకు చిన్నవైపోయాయి.

ఈసారి మూర్తి గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎర్రర్లన్నీ చదివారు. డిస్క్ నిజంగా చెడితే పదే పదే ఒకే చోట తప్పు చూపిస్తుంది, ఇవి తలో చోట వస్తున్నాయి, అంటే డిస్కు దాకా వెళ్ళే దారిలోనే ఏదో ఉంది అని విడమరిచి చెప్పారు. చెడిందన్న పాత డిస్కును వాళ్ళ ఆఫీసు మిషన్లో పెడితే శుభ్రంగా నడిచింది. కంట్రోలర్ మార్చారు. తగ్గలేదు. చివరికి కేబుల్ మార్చారు. ఎర్రర్లు ఆగిపోయాయి. పాత కేబుల్ చివర ఒక తీగ వదులైపోయింది. పాతబడిందేమోలే అన్నారు, నా వైపు చూడకుండా. తెలిసే చూడలేదా? ఇప్పటికీ తేలలేదు. పెట్టె లోపలి భాగాలన్నీ పేరుపేరునా చూపిస్తుంటే, మొదటిసారి చూస్తున్నదాన్లా తలూపాను. అబద్ధం కంటే ఆ తలూపడమే నన్ను ఎక్కువ కాలుస్తుంది.

మేనేజరు గారు అందరి ముందూ ఆయన్ని నిలదీశారు, మంచి డిస్కును చెడిందన్నావు, నీకసలు పనొచ్చా అని. తప్పు నాదేనండీ, ముందే కేబుల్ చూడాల్సింది అన్నారాయన. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఫిర్యాదు వెళ్ళింది. వాళ్ళ కంపెనీ ఆయన్ని బయటి పనుల నుంచి తప్పించి విడిభాగాల స్టోర్లో కూర్చోబెట్టింది.

ఆ స్టోర్లో ఉండే, కంపెనీకి కొత్తవాళ్ళు కావాలంటే ఆయన నా పేరు చెప్పారు. తెలుసుకోవాలన్న ఆరాటమున్న పిల్ల అన్నారట. అందులో చేరాను. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, పనికిరాని కార్డులు ముందేసుకుని నాకు పని నేర్పారు. అవనిగడ్డ నుంచి బందరు దాకా నేను బాగుచేసిన ప్రతి సర్వరూ ఆయన పెట్టిన భిక్షే. ఆయన వెళ్ళాల్సిన చోట్లకి నేను వెళ్ళాను.

ఇప్పుడాయన రిటైరై చల్లపల్లిలో ఉంటున్నారు. వెళ్తే, "ఈ అమ్మాయిని ఈ లైన్లోకి తెచ్చింది నేనే" అని వచ్చినవాళ్ళకి గర్వంగా చూపిస్తారు. ఆయన క్షమిస్తారని ఇది రాయడం లేదు. క్షమించేస్తారేమోనని కూడా భయమే. మీ దయ వల్లేనండీ అని ఆయనతో ఎన్నోసార్లు అన్నాను. అన్న ప్రతిసారీ సగమే చెప్పాను. మిగతా సగం ఇవాళ చెప్పాను, ఆయనకి కాకపోయినా.