లాకుల వీధికి మా అత్తయ్యే గడియారం

మా చిన్నప్పుడు ధవళేశ్వరం లాకుల వీధిలో ఎవరింట్లోనూ గడియారం ఉండేది కాదు... మా అత్తయ్య ఉండేది.

నవ్వకండి. ఈ మధ్య మన వర్తకులు సభలు పెట్టి మరీ, వ్యాపారానికి వేళా పద్ధతీ ఎలా ఉండాలో దొరల కంపెనీలను చూసి నేర్చుకోవాలని ఉపన్యాసాలిస్తున్నారు. ఆ సభలేమో చెప్పిన వేళకు ఏనాడూ మొదలు కావు! అవి విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది... కాలవ గట్టున మా పూటకూళ్ళ ఇల్లు గుర్తుకొస్తుంది.

అత్తయ్యకు పసితనంలోనే భర్త పోయాడు. తలమీద ముసుగు, చేతిలో గరిటె... అంతే ఆస్తి. తల్లిలేని నన్ను కూడా ఆ గరిటెతోనే పెంచింది. కాకినాడ పడవ ఎక్కేవారికి పొద్దున్నే భోజనం పెట్టడం మా జీవనం.

ఆ వంటింట్లో ఏ వస్తువూ తన చోటు నుంచి కదలకూడదు. కళ్ళకు గంతలు కట్టినా ఆవిడ చెయ్యి ఉప్పు జాడీ మీదే పడేది. కోడి కూసే వేళకు పొయ్యి రాజుకోవాలి, పప్పు ఉడికేలోగా నేను ఆకులు కడగాలి, చారు పొంగేలోగా పీటలు వాల్చాలి. ఒకసారి గరిటె వేరే మేకుకు తగిలించానని ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

ఇంత పద్ధతీ గుమ్మం దాటితే గంగపాలే!

తిన్నవాళ్ళు లేవరు కదా... అరుగుమీద చేరి తాంబూలం, కోర్టు కబుర్లు. ఎలాగో లేచేసరికి ఎవరో ఒకరు తుమ్ముతారు. తుమ్మితే ప్రయాణం ఆగాలి. అందరూ మళ్ళీ కూర్చుని మంచినీళ్ళు తాగాలి. ఇక పొలం దావా కోసం ఎప్పుడూ కాకినాడ తిరిగే శాస్త్రిగారికి నస్యం అలవాటు. ఆ ముక్కుకు తుమ్ములకేం కొదవ?

ఒకనాడు పడవ సరంగు వెంకన్న గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అమ్మగారండీ, మీ చారు అమృతమేనండి. కానీ ఈళ్ళు లెగరండి. కలప పడవలు ముందెల్లి లాకులు పట్టేత్తన్నాయి, ఆ తలుపులు మాకు తెరిసేతలికి పొద్దెక్కిపోతంది. ఇంకో వారం సూత్తానండి. ఆనక జనాన్ని అవతలి గట్టు పూటకూళ్ళకే తోలుకుంటాను. ఏవనుకోకండి."

సరంగు మనుషుల్ని తేకపోతే మా ఇంట్లో పొయ్యి ఎవరి కోసం? అత్తయ్య లోపల్నుంచి బతిమాలింది. "బాబూ, పడవ వేళయిందండీ." శాస్త్రిగారు నవ్వారు. "పడవ సంగతి నీకెందుకమ్మా? నువ్వు రేపటి కందిపప్పు సంగతి చూసుకో." మర్నాడు తాంబూలం పళ్ళెం దాచేసింది. వెతుక్కుంటూ మరింత సేపు కూర్చున్నారు!

వారం గడిచిపోవస్తోంది. ఆ పూట వీధి అరుగు చివర ఆరబెట్టిన వడియాల మీద కాకి వాలింది. అత్తయ్య ఒళ్ళు మరిచి కర్ర పట్టుకుని వీధిలోకి వచ్చేసింది...

అరుగు ఖాళీ!

"రామ రామ" అంటూ పై కండువాలు వదిలేసి మరీ పడవలో పడ్డారు. ప్రయాణానికి లేచేవాడికి విధవ ఎదురు రాకూడదు కదా! అదే విధవ వంగి వడ్డిస్తే ముఖం కనబడినా దోషం లేదు. మారు వడ్డించమని అడగడానికీ దోషం లేదు. చెయ్యి కడుక్కున్నాకే దోషం పుట్టుకొస్తుంది. ఏ శాస్త్రంలో ఉందో చూపించండి, నేను మాట్లాడను.

వెంకన్న తెల్లబోయాడు. ఆ రోజు లాకులు అతనివే.

మర్నాటి నుంచి అది మా ఇంటి పద్ధతి. వీధి మెట్టు మీద ఎండ పడగానే, ఎండ లేనినాడు అత్తయ్య సైగ చెయ్యగానే, నేను కేక వెయ్యాలి. "అత్తయ్య బయటికొస్తోందండోయ్!" ఆ కేకకు చెప్పులు వెతుక్కునేవారు. రెండో కేకకు పరుగు. అప్పుడు అత్తయ్య తాపీగా చెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది. వానొచ్చినా, ఒళ్ళు వెచ్చబడినా ఒక్కనాడూ తప్పలేదు.

ఒకనాడు సరిగ్గా రెండో కేకకే శాస్త్రిగారు తుమ్మారు. పాపం, తుమ్మారు కనుక కదలకూడదు... అత్తయ్య వస్తోంది కనుక నిలవకూడదు! పడవ ఎక్కే పలకమీద అడుగు పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, గుడ్డిగా నడిచి కాలవలో పడ్డారు. వెంకన్న జుట్టు పట్టి గట్టుకు లాగేసి, లాకుల కోసం పడవ తోలుకుపోయాడు.

వణుకుతున్న మనిషిని అత్తయ్య పొయ్యి దగ్గర కూర్చోబెట్టి వేడి చారు పోసింది. ఆయన కళ్ళు మూసుకునే గ్లాసు కోసం తడుముకుంటున్నారు.

"ప్రయాణమే తప్పిపోయింది కదండీ శాస్త్రిగారూ, ఇంకా కళ్ళెందుకు మూసుకోవడం?" అంది అత్తయ్య.

ఆయన ఒక కన్ను తెరిచారు. "మరికాస్త చారు పొయ్యమ్మా" అన్నారు.

మారారనుకుంటున్నారా? మర్నాడు మొదటి కేకకే, అందరికంటే ముందు పరిగెత్తింది ఆయనే.

"నిన్ను చూసి పారిపోతుంటే ఏడుపు రాదా అత్తయ్యా?" అన్నానొకసారి. ఆవిడ ఆకులు తీస్తూ అంది, "వాళ్ళ మొహం, ఏడిస్తే పడవ కదులుతుందిటే? రేపటికి చింతపండు నానబెట్టావా?"

వెంకన్న చివరిదాకా మా గట్టు విడువలేదు.

ఇప్పుడు రైలొచ్చింది. గోడ గడియారాలొచ్చాయి. స్టేషనులో గంట కొడితే అందరూ లేస్తున్నారు... ఎదురుగా ముసుగు కనబడితే మాత్రం ఇప్పటికీ ముఖం తిప్పుకునే లేస్తున్నారు.

మీ ఊళ్ళోనూ ఉండే ఉంటుంది, అన్నం తిన్నాక అందరూ తప్పించుకుపోయిన మనిషి. ఆవిడ గురించి రాయండి. పూటకూళ్ళమ్మ అని కాదు, పేరుతో రాయండి.

మా అత్తయ్య పేరు సుభద్ర. అన్నేళ్ళు ఆ చారు తాగినవారిలో ఒక్కరూ అడగలేదు.