ఈశాన్యం గోడ మీది కరెంటు బోర్డు

పెబ్బేరు సంతకు ఎడ్ల కోసమని పోయిన మా ఇంటాయన ఎడ్లు లేకుండా తిరిగొచ్చాడు. వెంట ఇళ్లకు వాస్తు చూసే వాస్తాయన ఒకడు వచ్చాడు. గోడలు అట్లాగే ఉంచి, మట్టి మిద్దె దించి స్లాబు వేసుకుందామని ఆ ఎండాకాలం ఇంటి పని మొదలుపెట్టుకున్నాం. మేస్త్రీ ఉన్నాడు, కూలోళ్లు ఉన్నారు, ఇసుకా కంకరా వాకిలి నిండా ఉన్నాయి. ఇక ఈయన ఒక్కడే తక్కువయ్యాడని గిన్నెల మీద కోపం చూపించుకుంటూ చాయ్ పెట్టాను.

వాస్తాయన జేబులోంచి దిక్సూచి తీసి అరచేతిలో పెట్టుకుని ఇల్లంతా తిరిగాడు. ముందరి అర్రలో కరెంటు బోర్డు దగ్గరికి రాగానే ఆగిపోయాడు.

"ఇది ఈడ ఎవరు పెట్టిండ్రు?"

"లైన్‌మన్ పెట్టిండు," అన్నాడు మా ఆయన.

"ఈశాన్యం నీళ్ల జాగ. గీడ అగ్గి పెట్టుకున్నరు. కరెంటంటే అగ్గే గద. ఇంట్ల ఎవరికన్న కండ్ల తిప్పలున్నదా?"

మా అత్తమ్మ అప్పుడే గోడ పట్టుకుని తడుముకుంటూ ఆయన ముందు నుంచే వాకిట్లోకి పోయింది. అది కళ్లారా చూసి ఆ ప్రశ్న అడగడానికి వాస్తు చదవాలా అని నాకు ఒళ్లు మండింది. మా ఆయన మాత్రం ఆ మనిషి చేతులు పట్టుకున్నాడు. అత్తమ్మకు నీటికాసులు వచ్చి రెండు కళ్లూ పోయాయి. కర్నూలు దవాఖానలో నరం ఎండిపోయింది, ఇక చూపు రాదని చెప్పి పంపించారు. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఆయన ఎవరు ఏం చెప్పినా వినేవాడు. బోర్డు ఆగ్నేయానికి జరిపితే చూపు మెల్లగా తిరిగొస్తుందని వాస్తాయన చెప్పాడు. చాయ్ తాగి, గ్లాసు బోర్లించి, పోయాడు.

ఆ బోర్డు గురించి ఇక్కడ చెప్పాలి. పెద్ద చెక్క పలక. పైన మీటరు, దాని కింద పింగాణీ ఫ్యూజులు, ఆ కింద వరసగా నల్లటి గుండ్రటి స్విచ్చులు. ఇంట్లో ఉన్న లైట్లన్నిటికీ స్విచ్చులు అక్కడే. కళ్లు పోయాక అత్తమ్మకు ఇల్లంతా ఆ పలక దగ్గర నుంచే మొదలయ్యేది. పలక అంచు పట్టుకుని ఎడమ చేతి గోడ వెంట పోతే వంటిల్లు, కుడి చేతి గోడ వెంట పోతే స్నానాల గది. మీటరు కింద చెవి పెట్టి కరెంటు ఉందో లేదో చెప్పేది. లోపల పళ్లెం తిరుగుతుంటే సన్నగా చప్పుడు వచ్చేది, ఆ చప్పుడు మాకెవరికీ వినపడేది కాదు. పొద్దుగూకే వేళకు మొదటి లైటు తనే వేయాలి. ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు. టిక్కుమని స్విచ్చు కిందికి నొక్కి, తనకు కనపడని ఆ లైటుకు రెండు చేతులూ జోడించి దండం పెట్టేది. ఆ పని అయ్యాకే మాకు రాత్రి వంట.

ఆ రోజే మా ఆయనతో కొట్లాడాను. "దవాఖానల రాదన్న చూపు గోడ మీది చెక్క జరిపితే వస్తదా? ఆమె చేతికి తెలిసిన జాగ అదొక్కటే ఉన్నది. అది కూడ పీకుతవా?"

"రాకపోతే పాయె," అన్నాడు. "వస్తే?"

ఇంటి పని చూడటానికి వచ్చిన ఆడబిడ్డ ఇంకో మెట్టు ఎక్కింది. "మా అమ్మకు కండ్లొస్తే నీకేం కష్టం వదినా?" అన్నది. అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఏమంటాను? నోరు తెరిస్తే అత్తకు చూపు రావడం ఇష్టం లేని కోడలినవుతాను. ఇంత నోరు పెట్టుకుని ఆ ఇంట్లో నోట్లో నాలుక లేనిదానిలా నిలబడ్డాను.

చివరికి అత్తమ్మనే అడిగాను. ఆమె వద్దంటే ఆగుతుందని నా ఆశ.

"నువ్వు అడ్డం చెప్పకు బిడ్డా," అన్నది. "వాడు తిరగని దవాఖాన లేదు. ఇది కూడ చెయ్యనియ్యి. ఏమో, నాకు మాత్రం ఆశ ఉండదా?"

లైన్‌మన్ తీరిక చూసుకుని వచ్చి స్తంభం మీద వైరు విప్పాడు. వైరింగు చేసేటాయన పలక మీది సామానంతా ఊడదీస్తుంటే నేను పక్కనే నిలబడి బతిమాలాను. "తమ్మీ, ఒక్క స్విచ్చన్న ఈడ ఉంచు."

"ఒక్క వైరున్నా దోషమేనంట అక్కా. అన్న మరీ మరీ చెప్పిండు."

"వైరు లేకున్నా సరే, ఉత్త చెక్కన్న ఉండనియ్యి. ఆమె పట్టుకుంటది."

అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన ఎస్టీడీ డబ్బా దాకా పోయి వాస్తాయనకు ఫోన్ చేసి వచ్చాడు. చెక్క కూడా ఉండొద్దన్నాడట. మా ఆయన పోయి వచ్చేలోపే మేస్త్రీ గడ్డపార పెట్టి పలక లాగేశాడు, గోడలో పడ్డ బొందను సిమెంటుతో పూడ్చి నున్నగా తాపీ తిప్పాడు. అంత నున్నగా ఆ ఇంట్లో ఇంకే గోడా లేదు.

కొత్త బోర్డు వంటింటి వెనక ఆగ్నేయం మూలకు, పిల్లల చేతికి అందకుండా ఎత్తున పెట్టారు. అత్తమ్మకు కూడా అందదు. కొత్త మీటరులో పళ్లెం లేదు, చప్పుడు లేదు, ఎర్రటి లైటు మాత్రం మినుకుమినుకుమంటుంది. అది కళ్లున్నవాళ్లకు. గోడల్లో గాడి కొట్టి పైపులు వేసి, ఏ గది స్విచ్చులు ఆ గది తలుపు పక్కన పెట్టారు. చూసినవాళ్లంతా ఇల్లు మస్తుగా అయిందన్నారు. అయింది, కాదనను.

లైన్‌మన్ మళ్లీ వైరు కలిపిన సాయంత్రం మా ఆయన తల్లి చేయి పట్టుకుని ముందరి అర్రలోకి తెచ్చి, ఆమె వేలితో కొత్త స్విచ్చు వేయించాడు. ట్యూబులైటు కొట్టుకుని కొట్టుకుని వెలిగింది. అతను లైటు చూడలేదు. తల్లి ఎదురుగా నిలబడి ఆమె కళ్లలోకి చూస్తున్నాడు.

"ఏమన్న కనవడ్తున్నదా అమ్మా?"

ఆమె ముఖం పైకెత్తింది.

"జర తెల్లగ కొట్టినట్లున్నది," అన్నది.

మా ఆయన చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆడబిడ్డ నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ క్షణాన నేనూ నమ్మాను. నమ్మి, ఇన్నాళ్లూ ఊరికే నోరు పారేసుకున్నానని సిగ్గుపడ్డాను కూడా. తీపి తేవడానికి మా ఆయన బజారుకు, ఈ సంగతి చెప్పడానికి ఆడబిడ్డ పక్కింటికి ఉరికారు.

ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ట్యూబులైటు ధగధగా వెలుగుతోంది. అత్తమ్మ చేతులు చాచి ఈశాన్యం గోడ దాకా పోయింది. నున్నటి సిమెంటు మీద రెండు అరచేతులూ పైకీ కిందికీ తిప్పింది. మళ్లీ తిప్పింది. అంచు ఎక్కడా దొరకలేదు.

"బిడ్డా," అన్నది మెల్లగా, "స్నానాల గదికి ఎటుకెళ్లి పోవాలె?"

కోపమే నాకు తెలిసిన బలం. ఆ పూట అది కూడా రాలేదు. ఎవరి మీద కోపగించను? దగ్గరికి పోయి చేయి పట్టుకున్నాను.

"వానికి చెప్పకు," అన్నది.

చెప్పలేదు. ఆ తర్వాత పొద్దుగూకగానే లైటు నేనే వేసేదాన్ని. టిక్కుమన్న చప్పుడు ఏ పక్కన వినపడితే ఆ పక్కకు తిరిగి ఆమె దండం పెట్టేది. చేను నుంచి వచ్చిన మా ఆయన కాళ్లు కడుక్కుంటూ వాకిట్లోంచే అడిగేవాడు, "ఇయ్యాల ఎట్లున్నదమ్మా?" అని.

"నిన్నటికంటె జర నయం రా," అనేది అత్తమ్మ, నా కొంగు పిడికిట్లో బిగించి పట్టుకుని.