టీవీ డాక్టరుగారూ, మా పిన్ని బీపీ మాత్రా

ఆ రోజుల్లో నేను వైద్యరంగాన్నీ ప్రసారరంగాన్నీ ఒకే దెబ్బకు జయించిన వీరగాథ ఒకటుంది. రాస్తే పెద్ద గ్రంథమవుతుంది. (కాదు. సికింద్రాబాదులో ఒక కేబుల్ టీవీ గదిలో, టీ చల్లారేలోపు అయిపోయింది. అయినా మొదలంటూ పెట్టాక గొప్పగానే పెట్టాలి కదా.) నా ఈడువాళ్ళంతా మెడలో ఐడీ కార్డులు వేసుకుని మాదాపూర్ బస్సెక్కుతుంటే, నేను మెడలో స్టెతస్కోపు వేసుకుని రెజిమెంటల్ బజార్‌లో స్టీలు సామాన్ల కొట్టు పక్కన క్లినిక్ తెరిచాను. వచ్చినవాళ్ళు నా మొహం చూసి, "డాక్టర్ సాబ్ ఎప్పుడొస్తడు తమ్మీ?" అనేవాళ్ళు. నేనేనంటే, "అట్లనా, మళ్లొస్తం" అనేవాళ్ళు. మళ్ళీ రాలేదు.

మీసం పెంచి చూశాను, అదీ సహకరించలేదు. అందుకే మా వీధి కేబులన్న తన ఛానల్లో జనం ఫోన్లో అడిగే ఆరోగ్య సందేహాలకు లైవ్‌లో జవాబులు చెప్పమనగానే, టీవీలో కనబడితేనైనా నన్ను డాక్టరని నమ్ముతారని ఎగిరి గంతేశాను. కేబులన్న మాత్రం నేలమీదే ఉన్నాడు. "ఫోన్లు రాకుంటె వచ్చే వారం సంది ఈ టైం రంగురాళ్ళ సామికిస్త సార్. ఆయనకు మస్తు గిరాకి. జెర పరేషాన్ గాకుండ్రి, మొదటి ఫోను మనోళ్ళతోని చేపియ్యాలె. అందరు గిట్లనే షురూ చేస్తరు."

మనోళ్ళంటే నాకు పిన్నే. విజయనగరం నుంచి వచ్చి మారేడ్‌పల్లిలో స్థిరపడింది, నన్ను పెంచింది. "ఒక గృహిణిని అని చెప్పు పిన్నీ. షుగరున్నవాళ్ళు మామిడిపండు తినొచ్చా అని అడుగు, చాలు" అన్నాను. "ఆ మాత్రం రాదేటి నాకు?" అంది.

మావయ్య పెళ్ళికోటులో (అందులో నాలాంటివాళ్ళు ఇద్దరు పట్టేవాళ్ళు) లైట్ల కింద ఉడుకుతుండగా ఫోను మోగింది.

"హలో, మారేడ్‌పల్లి నుంచి ఒక గృహిణిని మాట్లాడుతున్నానండీ. షుగరున్నవాళ్ళు మామిడిపండు తినొచ్చా?"

నేను గొంతు సవరించుకుని, బంగినపల్లితో మొదలుపెట్టి రసాల దాకా వచ్చేసరికి పిన్ని అడ్డుపడింది. "అదలా ఉండనీండి డాక్టరుగారూ. మా ఇంట్లో ఒక కుర్రడాక్టరున్నాడు, బీపీకి మాత్ర రాసేడు. తల తిప్పడం తగ్గిపోయింది కదాని ఉగాది నుంచి మానేసేను. వాడేమో రోజూ వేసుకోవాలంటాడు. నిజమేనంటారేటి?"

"ఉగాది నుంచా! పిన్నీ! రోజూ అడుగుతుంటే వేసుకున్నానన్నావు కదా!"

"అరవకురా, టీవీలో ఉన్నావు."

కెమెరా వెనక కేబులన్న తల పట్టుకున్నాడు. రంగురాళ్ళ సామి నా కుర్చీలో సర్దుకుని కూర్చుంటున్నట్టే అనిపించింది. పోతే పోయిందనుకుని, "తల తిరగనంత మాత్రాన బీపీ పోయినట్టు కాదు. చప్పుడు చెయ్యకుండా ఉండి ఒకరోజు పక్షవాతం తెచ్చిపెడుతుంది. సాయంత్రం వచ్చి చూస్తాను. ఇక ఒక్కరోజు కూడా మానడానికి వీల్లేదు" అన్నాను. కోటు చేత్తో మొహం తుడుచుకున్నాను. (లైట్ల వేడికే అనుకోండి.)

"అలా విడమరిచి చెప్పండి బాబూ. మావాడికి ఇంత వివరం లేదు" అని పెట్టేసింది.

ఆ తర్వాత ఫోను ఆగితే ఒట్టు. "మేం సుత గోలీలు బంద్ జేసినం సార్, తక్లీఫ్ ఏం లేదని!" "మా ఆయన గూడ గంతే సార్, జెర మీరే తిట్టుండ్రి!" మా పక్కనున్న మోండా మార్కెట్‌లో సగం మంది మాత్రలు మానేసినట్టుంది. "కమాల్ జేసిన్రు సార్!" అన్నాడు కేబులన్న. "వచ్చే వారం మీ పిన్నమ్మను సుత తోలుకరండ్రి." నా ఒక్కడికీ పిలుపు లేదన్నమాట.

సాయంత్రం బీపీ చూశాను. ఆ అంకె చూసి తల తిరిగింది నాకు, ఆవిడకు కాదు. మాత్ర ఇస్తే మారుమాట లేకుండా మింగింది. "ఇన్నాళ్ళూ నేను చెప్పిందీ ఇదే కదా పిన్నీ?" అన్నాను.

"నువ్వు వేరు, ఆయన వేరు. ఆయన కోటేసుకున్నాడు."

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. దాన్నే టీవీలో చూపిస్తే పనికొస్తుంది కాబోలు.

ఆ తర్వాత పెద్ద ఛానళ్ళూ రేడియోలూ చూశాను, నా కొలతకు కుట్టిన కోట్లూ వచ్చాయి. మాటలు ఇప్పుడు తడబడవు. కానీ ఎప్పుడైనా కేబులన్న రికార్డు చేసిచ్చిన ఆ పాత క్యాసెట్టు పెట్టుకుంటే, లైవ్‌లో ఉన్న సంగతి మరిచి పిన్నిమీద కేకలేస్తున్న ఆ కుర్రాడు ముద్దొస్తాడు. వాడంత భయపడి నేను మళ్ళీ ఎవరికీ సలహా చెప్పలేదు. పిన్ని ఇప్పటికీ ఆ మాత్ర వేసుకుంటోంది. మా వీధి మందుల షాపు ఆదివారం మధ్యాహ్నం మూసేస్తారు, ఆవిడ మాత్రలు నేను శనివారమే తెచ్చిపెట్టాలి.