రెండు పూటల ప్రజాస్వామ్యం

ఒక బడిని బాగుచేయబోయి నా బతుకును ఎలా పాడుచేసుకున్నానో చెబుతాను. నవ్వండి, ఫర్వాలేదు. మా ఆవిడ ఇంకా ఆపలేదు.

అప్పుడు నేను పెన్‌పహాడ్ దగ్గర ఒక ఊరి బడిలో లెక్కల మాస్టారిని. ఇల్లేమో కోదాడలో. మా పెద్దసార్ ఎవరినీ అడక్కుండా పదో తరగతికి సాయంత్రం స్పెషల్ క్లాసు పెట్టారు. సరిగ్గా ఆ వేళకే నా బస్సు. అది తప్పితే ఇల్లు చేరేసరికి మా పాప నిద్రపోయేది. బోర్డు మీద సమీకరణం, చెవిలో బస్సు హారను! వేడి పెనం మీద నీటిచుక్కలా ఎగిరెగిరి, చివరికి ఆయన గదిలో పడ్డాను.

"టీచర్లను అడక్కుండా నిర్ణయాలేంటండీ? మీటింగు పెట్టండి. మెజారిటీ ఎటుంటే అటే!"

"గట్లనే కానియ్యుండ్రి సార్. మీరేం తీర్మానం చేస్తే దానికి సంతకం పెడత."

ఇంత తేలిగ్గా గెలిచినవాడు అనుమానపడాలి. నేను పొంగిపోయాను.

మీటింగులో ఎవరూ బస్సు మాట ఎత్తకూడదు. ఏం కావాలన్నా పిల్లల పేరు మీదే కోరుకోవాలి. అది మా టీచర్ల కులాచారం.

"పొద్దున్నే పెడదామండీ. పిల్లల బుర్రలు తాజాగా ఉంటాయి," అన్నాను.

మిర్యాలగూడ నుంచి వచ్చే సరోజ మేడం దిగ్గున లేచారు. ఆవిడ ఊరి నుంచి అంత పొద్దున్నే బస్సు లేదు.

"ఆకలి కడుపుతోని ఏం సదువుతరు సార్? సాయంత్రమే మంచిగుంటది. జర పిల్లల గురించి ఆలోచించుండ్రి!"

"నేను ఆలోచించేదీ పిల్లల గురించేనండీ!"

"మరి నేను బస్సు గురించి ఆలోచిస్తున్ననా?"

అందరూ ఒక్కసారిగా ఫ్యాను వైపు చూశారు.

అప్పుడు సూర్యాపేట యాదగిరి సార్ గొంతు సవరించుకున్నారు. డ్రాయింగు మాస్టారు, స్పెషల్ క్లాసుల గొడవ లేని ఏకైక అదృష్టవంతుడు.

"కొట్లాటెందుకు? ఇద్దరు చెప్పింది నిజమే. రెండు పూటలా పెడదాం. పిల్లలకు డబుల్ లాభం!"

కాదంటే పిల్లల ద్రోహులం. మేడం నన్ను చూశారు, నేను మేడమ్‌ని చూశాను. ఇద్దరం చేతులెత్తాం. ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను తవ్వి, తీర్మానం చేసి, చెయ్యెత్తి మరీ దిగాను.

పెద్దసార్ సంతకం పెడుతూ అన్నారు: "నేను ఒక్క పూటనే పెట్టిన సార్. రెండోది మీరు సాధించుకున్నరు."

ఇక పాప లేవకముందే బయల్దేరడం, పడుకున్నాక చేరడం. ఒక ఆదివారం నన్ను చూసి, "అమ్మా, ఎవరో వచ్చారు!" అని కేకేసింది.

కనుక సకల ఉపాధ్యాయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ మీటింగులోనైనా నా చెయ్యి సమోసా అందుకోవడానికి తప్ప లేవదు.