వరస కోసం మూడు బస్సులు

గురువారం ఉదయం ఏడుంబావుకు ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు వెళ్లే పల్లెవెలుగు ఎక్కాను. సంచిలో నీళ్ల సీసా, నాలుగు తెల్లకాగితాలు, ఒక పెన్ను ఉన్నాయి. ఆడవాళ్లకు ఇప్పుడు బస్సు ఖర్చు లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు. ఆ రోజు ఎక్కిన మూడు బస్సుల్లోనూ అలాగే జరిగింది.

ప్రయాణానికి కారణం ముందే చెప్పాలి. మా తమ్ముని కొడుకు ప్రభాకర్ తుమ్మలపల్లె గనిలో ఉద్యోగం చేస్తున్నాడు. పులివెందులలో నర్సుగా ఉన్న ప్రశాంతితో వాడికి పెండ్లి కుదిరింది. ప్రశాంతి మాకు కొత్త పిల్ల కాదు. మా నాయనకు చెల్లెలైన సంతోషమ్మత్తకు కూతురి కూతురు. మేనత్త ఇల్లే కదా, వరస కలుస్తుందిలే అనుకుని రెండు వైపులా ఒప్పుకున్నాం. మా క్రైస్తవ సంఘంలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పవచ్చు. మొదటి ఆదివారమే, పాస్టరు అయ్యగారు ప్రకటన చదవగానే ఒక పెద్దాయన లేచాడు.

“అయ్యగారూ, ఆ పాప సంతోషమ్మకు కొడుకు కూతురైతే మరదలయ్యేది. కూతురి కూతురు గదా, పిల్లోనికి చెల్లెలవుతాది. ఎవురూ లెక్క చూసుకోల్యా?”

ఎవరూ చూసుకోలేదన్నది నిజం. మేనత్త కూతురు మా తమ్మునికి మరదలు వరస. మరదలి బిడ్డ వానికి బిడ్డ వరస. అంటే ప్రభాకర్‌కు చెల్లెలే. ఆరాధన ముగిసేలోగా సగం సంఘం వేళ్లు మడిచి లెక్క వేసుకుని తలలూపింది. ఎవరిని ఎవరు చేసుకోకూడదో లేఖనాల్లో స్పష్టంగా రాసి ఉంది, అందులో ఈ ఇద్దరికీ అడ్డు లేదు. అయినా మా వైపు సంఘాలు వాక్యంతో పాటు వరసనూ చూస్తాయి.

బయటికి వచ్చాక ఒకామె నాకు ఇంకో మాట చెప్పింది. సంతోషమ్మ మా నాయనకు తోడబుట్టింది కాదని, జమ్మలమడుగు మిషన్ బోర్డింగులో పెరిగిన పిల్ల అని చిన్నప్పుడు విన్నదట. అరవై రెండేళ్లుగా నేను ఆమెను అత్తా అని పిలుస్తున్నాను. ఎలా అత్త అయిందో ఒక్కసారీ అడగలేదు. అడుగుదామంటే నాయన గానీ, ఆయనను కన్న మా అబ్బ, జేజి గానీ ఎవరూ ఇప్పుడు లేరు. అయ్యగారు మాత్రం సూటిగా చెప్పారు: “రక్తసంబంధం లేదని సంతోషమ్మగారి చేతి కాగితం తెండి. రెండో ప్రకటన చదువుతాను. లేకపోతే ఈ పెండ్లి నేను చేయలేను.”

బస్సులో నా పక్కన కూర్చున్న రైతు ఇంటావిడ, ఏ ఊరికని అడిగి, సంగతి సాంతం రాబట్టింది. తరువాత తన కష్టం చెప్పుకుంది. ఆమెకు గుంటూరు కోడలు వచ్చిందట.

“మనమరాలు నన్ను జేజీ అంటే ఆయమ్మ ఒకటే నగుతాది. వాండ్ల కాడ జేజి అంటే దేవుడంట! నానమ్మా అనాలంట. నేనన్యా, ‘అంటే అనీలే, దండం పెట్టి దుడ్లు గూడా ఏస్తే ఇంగా మంచిది’ అని.”

ఎనిమిదికి జమ్మలమడుగులో దిగాను. బస్టాండు ఎదుట నాలుగు ఇడ్లీలు ముప్పై రూపాయలు. ఆటోకు ఇరవై ఇచ్చి జ్ఞానమ్మ ఇంటికి వెళ్లాను. ఆ పాత బోర్డింగులో పెరిగినవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే. తొంభై దాటింది. చెవులు బాగా పనిచేస్తున్నాయి.

“దేవదానం బిడ్డవా! ముక్కు సూస్తానే అనుకుంటి. కూసో.”

నేను వచ్చిన పని చెప్పాను. ఆమె ఆలోచించనైనా లేదు.

“సంతోషం వాండ్లది యాడనో కొండాపురం తట్టు. కన్నతల్లి కాన్పులో పాయ. నాయన గుడ్డలో సుట్టుకోనొచ్చి బోర్డింగులో ఇచ్చిపాయ. మళ్ల రాల్యా. మీ జేజి ఆడ వంట చేస్తాండె. మీ నాయనకు ఆరేండ్లుంటాయి. ఆ పాపను చంకలో నుంచి దించుతానే ఉండ్ల్యా.”

“మరి అన్న ఎట్లయినాడు అవ్వా?”

“ఎట్లేముంది? పాప ఏడిస్తే ‘అన్న కాడికి పో’ అని మేమే నేర్పిస్తిమి. ఆడ అందరమూ అట్ల అయినోళ్లమే. నువ్వు నన్ను అవ్వా అంటాండావే, నేనేమన్నా మీయమ్మను కన్యానా?”

నాకు కావలసిన జవాబు దొరికింది. బస్టాండుకు తిరిగి వస్తూ దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఇక అత్త సంతకమే మిగిలింది, పని అయిపోయినట్టే అనుకున్నాను.

పదింబావుకు పులివెందుల బస్సు దొరికింది. ముద్దనూరు దాకా కిక్కిరిసి ఉంది, ఆ తరువాత కూర్చోవడానికి సీటు దొరికింది. పులివెందుల దగ్గరపడే కొద్దీ చీనీ బత్తాయి తోటలు, అరటి తోటలు వస్తాయి. పన్నెండు దాటాక దిగి, పది నిమిషాలు నడిచి అత్త ఇంటికి చేరాను. అత్త, ఆమె కూతురు రూతమ్మ, రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ప్రశాంతి, ముగ్గురూ నా కోసమే చూస్తున్నారు. సంగటి, శెనక్కాయల పచ్చడి పెట్టారు. తిన్న తరువాత జ్ఞానమ్మ చెప్పింది చెప్పాను.

“నాకు తెలవదనుకుంటివా?” అంది అత్త. “నాకు పన్నెండేండ్లప్పుడే మీ జేజి చెప్పింది. చెప్పి, ఎవురితోనూ అనొద్దు అనింది.”

“అయితే మంచిదే కదత్తా. ఆ మాటే రాసి సంతకం పెట్టు.”

“పెట్టను.”

రూతమ్మ గాభరా పడింది. “అమ్మా, పాప బతుకుమ్మా అది!”

“నా బతుకు సంగతేంది మరి? నా పెండ్లికి చెయ్యి పట్టుకోని గుడిలోకి తోడుకపోయింది మా అన్న. మీ నాయన పోయినబ్బుడు పుట్టింటి చీర తెచ్చింది మా అన్న. రేపు నేను పోతే నా మింద కప్పేదానికి పుట్టింటి చీర ఎవురు తెస్తారు? అన్న కాదని నేనే రాసిచ్చినాక, తెచ్చేదానికి వీండ్లెవురు?”

మా వైపు ఆడమనిషి చనిపోతే చివరి చీర పుట్టింటి నుంచే రావాలి. విశ్వాసంలోకి వచ్చినా మా పెద్దలు ఆ పద్ధతి విడిచిపెట్టలేదు. చీర రాలేదంటే ఆమెకు ఎవరూ లేరని అర్థం. గుడ్డలో చుట్టి ఇచ్చిపోయిన బిడ్డకు అది ఎంత పెద్ద మాటో అప్పుడు తెలిసింది. ప్రభువునందు మనమంతా ఒకే కుటుంబం అని ఆదివారపు బడిలో నలభై ఏళ్లుగా పిల్లలకు నేర్పుతున్నాను. ఆ మాటే నోటి దాకా వచ్చింది. ఆమె ముందు అది తేలిక మాట అవుతుందని మింగేశాను.

ప్రశాంతి వెళ్లి అత్త పక్కన కూర్చుంది. “రాయొద్దులే అవ్వా. మేం ఆగుతాం.”

“ఏం ఆగుతావే? ఆ పిల్లోడు ఫోను చెయ్యకుంటే ముద్ద దిగదు నీకు. ఆగుతాదంట!”

రూతమ్మ నవ్వేసింది, ప్రశాంతి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అత్త ఆ కొంగు పక్కకు లాగి మనవరాలి ముఖం చూసింది. తరువాత నా వైపు తిరిగింది.

“సువార్తా, కాగితం తియ్. నేను చెప్పేది చెప్పినట్ల రాయి. ఒక్క మాట తీసినా సంతకం ల్యా.”

ఆమె చెప్పింది, నేను రాశాను: “దేవదానం నాకు అన్న. ఆయప్పను కన్న తల్లి వేరు, నన్ను కన్న తల్లి వేరు. ఈ పెండ్లికి రక్తం అడ్డు లేదు. పెండ్లి అయినాక గూడా దేవదానం ఇల్లే నాకు పుట్టినిల్లు.”

కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. సాక్షిగా నేను సంతకం చేయబోతుంటే చెయ్యి పట్టుకుంది.

“ఉత్త పేరు కాదు. నాకేమవుతావో రాయి.”

నా పేరు పక్కన ‘మేనకోడలు’ అని రాశాను. అత్త కళ్లజోడు పెట్టుకుని ఆ ఒక్క మాటా చదువుకుంది, కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. ముగ్గురం కలిసి ప్రార్థన చేశాం. అత్త చేయలేదు. కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంది.

నాలుగుంబావుకు ప్రొద్దుటూరు బస్సు. చిలమకూరు దగ్గర సిమెంటు లారీలు అడ్డం వచ్చి పావుగంట ఆగింది. ఆ సమయంలో అయ్యగారికి ఫోను చేసి కాగితం చదివి వినిపించాను.

“సాక్షి ఎవరమ్మా?”

“నేనే అయ్యగారూ. మేనకోడలు అని రాశాను.”

“ఒక వైపు సంబంధం లేదంటారు, ఒక వైపు మేనకోడలంటారు. సంఘంలో అడుగుతారే?”

“అడగనీయండి. రెండూ నిజమే. రెండూ చదవండి.”

ఆయన సరే, చదువుతానన్నారు.

రోజంతా అయిన ఖర్చు నూరు రూపాయల లోపే. మనుషుల వరస తెలుసుకోవాలని బయలుదేరేవారికి ఒక్కటే చెప్పగలను: పుస్తకాల్లో, రిజిస్టర్లలో దొరికేది పుట్టుక మాత్రమే. మిగతాది తెలియాలంటే ఆ మనిషి ఇంటికే వెళ్లి కూర్చోవాలి.

ఆరున్నరకు దిగేసరికి తమ్ముడు స్కూటరుతో బస్టాండులో ఉన్నాడు. దీపం కింద నిలబడి కాగితం రెండుసార్లు చదివాడు.

“అయితే అక్కా, ఇంగ మింద సంతోషమ్మత్తను నేను ఏమని పిలవాల?”

“పోయి ఆమెనే అడుగు,” అన్నాను. “చీవాట్లు తిని వస్తావు.”