మూత కింద వెండి ఉంగరం

కిజిల్‌ఓర్దాలో కోతలు ముగిశాయంటే బియ్యం మిల్లుల వెనక ఊక గుట్టలు లేస్తాయి. గాలి వీస్తే ఆ ఊక టీ గిన్నెల్లోకీ వచ్చి పడుతుంది. జాదిరా తన ల్యాబులో ఆ ఊకను ఆమ్లంలో కడిగి, తెల్లటి బూడిదయ్యేదాకా కాల్చి, క్షారంలో కరిగించి, జెల్లీలా గడ్డకట్టించేది. అందులోని నీటిని తీసేసి ద్రావకం నింపి నిదానంగా ఆరబెడితే ఏరోజెల్ తయారయ్యేది: చేతిలో పెట్టినా బరువు తెలియని నీలపు బిళ్ళ. ఇంట్లోవాళ్ళు దాన్ని ఆమె రెండో బిడ్డ అనేవారు.

మొదటి బిడ్డ సాబీరా చంటిది. మధ్యాహ్నం పాలవేళకు అత్తగారు కలంపిర్ ఎత్తుకుని ల్యాబుకు తెచ్చేది. దారిలో చలి తగిలిందేమోనని జాదిరా ముందు పాదాలు తడిమి చూసి, ఆ తర్వాతే పాలిచ్చేది.

ఆ ఏడు అల్మాటీలోని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఆమెకు ఒక్క రోజు దొరికింది. బిళ్ళ లోపలి అల్లిక చూపించలేకపోతే పని ఆపేస్తామని ల్యాబు పెద్ద యెరాసిల్ ముందే చెప్పాడు. ప్రయాణానికి ముందురోజు, ద్రావకం నిదానంగా పోయేలా సన్న చిల్లి ఉన్న మూత వేసిన గిన్నెలో ఆఖరి బిళ్ళ ఆరుతోంది. జాదిరా పక్కగదిలో పాలిస్తుండగా కలంపిర్ ఆ మూత ఎత్తి చూసింది. పసిబిడ్డను తొలిసారి చూసినవాళ్ళు ఏదో ఒకటి ఇవ్వాలి కదా. తన వెండి ఉంగరం తీసి గిన్నెలో పెట్టి మూసింది. ఉంగరం రాయి తగిలి మూత ఒక పక్క లేచే ఉంది.

తెల్లారేసరికి ఆ పక్కన బిళ్ళ కుంచించుకుపోయి పగుళ్ళిచ్చింది.

"ఉంగరం మీరే పెట్టారా అత్తయ్యా?"

"నేనే. చూసి ఊరికే పోతే నలుగురూ ఏమనుకుంటారే?"

"అక్కడ నలుగురెవరున్నారు?"

"నేనున్నాగా."

యెరాసిల్ టికెట్ రద్దు చేసుకోమన్నాడు. జాదిరా బిళ్ళను వెలుతురులో తిప్పి చూసింది. ఉంగరానికి దూరంగా ఉన్న సగం చెక్కుచెదరలేదు. ద్రావకం తొందరగా ఆవిరైతే పోతూపోతూ లోపలి సన్నటి గోడల్ని దగ్గరికి లాగేస్తుందని ఆమెకు తెలుసు. అది చూపించడానికి ఇంతకన్నా మంచి నమూనా ఉండదు. బిడ్డను అత్తగారికి అప్పజెప్పి, స్టేషను స్టేషనుకూ ఫోన్ చేస్తూనే వెళ్ళింది.

మైక్రోస్కోపులో బాగున్న పక్క ఆ సన్నటి గోడలు పూసల దండల్లా ఖాళీల మధ్య అల్లుకుని కనిపించాయి. ఉంగరం పక్క అవే పూసలు ఒకదాన్నొకటి నొక్కుకుని ముద్దయ్యాయి. ఆ రెంటికీ నడుమ అల్లిక ఎక్కడెక్కడ ఎంత కూలిందో కూడా తెలిసింది.

బొమ్మలు చూశాక యెరాసిల్, "పని కానివ్వు. ల్యాబు తలుపుకు మాత్రం తాళం వేయించు" అన్నాడు.

ఉంగరం తిరిగిస్తే కలంపిర్ తీసుకోలేదు. బిడ్డకిచ్చింది వెనక్కి తీసుకోరంది. అప్పట్నించీ జాదిరా ఏ విడత ఆరబెట్టినా, పోల్చి చూసుకోడానికి ఒక గిన్నెలో ఆ ఉంగరం పెట్టే మూత వేస్తుంది.